పోగు తెగింది

పోయిన వారం మనం నవనీతను చొప్పదండి పద్మశాలి వాడ మూల మీద, మిట్టమధ్యాహ్నపు ఎండల, చేతిల ఫోన్ పట్టుకొని నిలబడ్డకాడ ఇడిసిపెట్టినం. ఆ పిల్ల ఇంకా అక్కడ్నే ఉన్నది.

కొత్తగ చదివేటోళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్త, పాతోళ్లు జర ఓపిక పట్టుండ్రి. నవనీత మొగడు గోపాల్ మస్కట్ పోయి పదమూడు నెలలు. పంపింది కరీంనగర్ ఏజెంటు భానుప్రసాద్. డ్రైవర్ పని అన్నడు. దిగంగనే పాస్‌పోర్టులు గుంజుకొని, పద్నాలుగు మందిని ఒక రేకుల షెడ్డుల తోసి తాళమేసిన్రు. ఆ తాళాన్ని, జరమొచ్చి నేల మీద పండిన మనుషులను గోపాల్ ఫోన్ల వీడియో తీసుకొని గోడ దుంకిండు. ఇప్పుడు దాక్కొని తిరుగుతుండు. పండుగ సెలవులు అయిపోయి ఆదివారం పొద్దుగాల ఎంబసీ తలుపు తీసేదాక ఎవల కంట పడకుంటే చాలు, తనూ బతుకుతడు, ఎనుక ఉన్న పదమూడు మందీ బతుకుతరు. ఈ లోపల దొరికితే వీడియో ఉండది, తీసినోడు గూడ ఉండడు. ఈ మాట భానుప్రసాదే ఫోన్ జేసి నవ్వుకుంట నవనీతకు చెప్పిండు. గోపాల్ ఏ రూముల ఉన్నడో ఎరుకైంది ఒక్క నవనీతకే.

ఇయ్యాల శుక్రవారం. ఆదివారానికి ఇంక రెండు రోజులు.

నవనీత రాంచందర్ సేటు నెట్ ఆఫీసుల పని చేస్తది. ఊరి బయటి టవర్ నుంచి గాలిల వచ్చే నెట్టును ఇల్లిల్లుకు పంచుడు వాళ్ల యాపారం. ఎవలింట్ల ఏ ఫోన్ ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, అంత ఆమె ముంగటి తెర మీద కనవడ్తది. పరాయి ఫోన్ దొంగతనంగ దూరితే ముందుగాల పట్టేది ఆమెనే. అసొంటి పిల్లకు ఈ వారం తన ఇంటి గీతనే పిచ్చి పట్టినట్టు కనవడ్డది. ఫోన్లు దినాం నలభై సార్లు తెగుతున్నయి, నలభై సార్లు కలుస్తున్నయి. ఇయ్యాల బువ్వ తిందామని ఇంటికి వస్తూ మూల మీద ఫోన్ తీసి చూస్తే, 'గోపాల్ ఇల్లు' అన్న పేరు ఒకటి కాదు, రెండు కనవడ్డయి.

వైఫైకి పేరు ఎవలైనా పెట్టుకోవచ్చు. కానీ ఆ వైఫై ఇచ్చే పెట్టె పుట్టినప్పుడే దానికి ఒక నంబరు ఇస్తరు, తొందరల పని చేసే దొంగ దాన్ని మార్చుడు మర్చిపోతడు. నవనీతకు తన ఇంటి పెట్టె నంబరు నోటికొచ్చు. రెండో దాని నంబరు ఆమె ఎన్నడూ చూసింది కాదు. అంటే ఎవడో అదే పేరుతోటి దొంగ పెట్టె పెట్టిండు. ఆ దొంగ పెట్టె అసలు పెట్టె గొంతుతోని 'పోండ్రి, పోండ్రి' అని ఫోన్లను ఎల్లగొడ్తది. ఎల్లగొట్టిన ఫోన్లు మళ్ల అదే పేరు ఎతుక్కుంట వచ్చి దొంగ పెట్టె సంకల కూసుంటయి. 'వైఫై ఆగింది, నీ ఫోన్ నంబరు కొట్టు, మెసేజ్ల వచ్చిన ఆరంకెలు కొట్టు' అని ఒక కాయితం అసొంటిది తెర మీద చూపిస్తది. కొట్టినోళ్ల ముచ్చట్లన్ని ఇగ వాని చేతిలకే పోతయి.

నవనీత కొట్టలే. కానీ ఆమె ఫోన్ కోసమే ఎవడో ఈ వల పరిచిండని సమజైంది.

చికెన్ సెంటర్ ముంగట తెల్ల కారు మూడు దినాలసంది ఆగుతున్నది. దొంగ పెట్టె అండ్లనే ఉండాలె అనుకున్నది. దగ్గర, దూరం తెల్సుకునేటందుకు ఫోన్ల ఒక అంకె ఉంటది. అది తగ్గిన కొద్ది పెట్టె దగ్గర పడ్డట్టు. మూల మీద డెబ్బై ఎనిమిది చూపిస్తున్నది. కారు దిక్కు నడిచింది. ఎనభై ఒకటి. ఎనభై ఆరు. కారుల డ్రైవర్ సీటు ఎనుకకు ఒంచి, నోరు తెరుసుకొని నిద్రపోతుండు. ఆ కారు కాదు.

ఎనుకకు తిరిగింది. డెబ్బై. అరవై నాలుగు.

ఎదురింటి దేవవ్వ అరుగు మీద చింతపండు గింజలు తీసుకుంట చూసింది. "ఏందే పిల్లా, ఎండల గట్ల ముందుకొకసారి ఎనుకకొకసారి తిరుగుతున్నవు? ఫోన్ల ముగ్గు ఏస్తున్నవా?" అన్నది. శుక్రవారం మస్కట్ల సెలవు గదా, రెండు గంటలైతే వాడల గల్ఫ్ పెండ్లాలందరూ నవనీతోళ్ల అరుగు మీదికొచ్చి కూసుంటరు, వైఫై కోసం. "ఇంకా టైం కాలే గదా, మా ఆయన ఇంకా మసీదు పక్కనున్న హోటల్ల గిన్నెలే తోముతుండొచ్చు" అని దేవవ్వ నవ్వింది.

నవనీత నవ్వలేకపోయింది. అంకె యాబై రెండు చూపిస్తున్నది. ఆమె నిలబడ్డది తన ఇంటి గడప ముంగట.

గడప కాడ, తలుపు పక్కన గోడకు, సుద్దముక్కతోని రాసి ఉన్నది వైఫై పాస్‌వర్డు. ఊరందరి నెట్టును కావలి కాసే పిల్ల ఇంట్ల ఇదేంది అని మీరు నవ్వొచ్చు. రాయించింది అత్త చంద్రవ్వ. "పక్కింటోళ్లు మొగనితోని మాట్లాడుతమని వస్తే తాళమేసి కూసుంటమా? మనం మనుషులం కాదా?" అని కొట్లాడి రాయించింది. నవనీత రెండుసార్లు చెరిపింది. చంద్రవ్వ మూడుసార్లు రాయించింది.

ఇంటిని ఆనుకొని రేకుల షెడ్డు, అండ్ల నాలుగు సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు. వాటి చప్పుడు వాడకు గాలిలెక్క, ఆగితెనే తెలుస్తది. ఆ నడుమ పుట్టి పెరిగినోళ్లకు మెల్లగ మాట్లాడుడు రాదు. పెండ్లి పీటల మీద నవనీత సిగ్గుపడుకుంట 'ఊ' అంటే పందిరంత ఇన్నది. సాంచెలను ఇప్పుడు నడిపేది ఓంప్రకాశ్, చంద్రవ్వ అన్న కొడుకు. భైంసాల పత్తి పని ఆగిపోయిందని మూడు వారాల కింద వచ్చిండు. గోపాల్ సాంచెలు మూలకు పడొద్దని పొద్దందాక నిలబడి నేస్తుండు. నవనీతను 'చెల్లే' అని నోరారా పిలుస్తడు. తోడబుట్టినోళ్లు లేని పిల్ల, ఆ పిలుపుకు మురిసింది గూడ.

ఇంట్లకు అడుగుపెట్టింది. నలభై. షెడ్డుకు, ఇంటికి నడుమ ఉన్న తలుపు ఎప్పటిలెక్కనే మూసి ఉన్నది, అవతల సాంచెలు టకటక కొట్టుకుంటున్నయి. నడింట్ల ముప్పై మూడు. వంటింటి దిక్కు పోతే పెరిగింది. దేవుని అర్ర దిక్కు పోతే తగ్గింది. ఇరవై ఆరు. బయటి దొంగను పట్టుకుందామని బయలెల్లిన పిల్ల తన ఇంటి దేవుని ముంగట నిలబడ్డది.

కొండగట్టు అంజన్న పటం ఎనుక చెయ్యి పెట్టింది. ఏదో వెచ్చగ తాకింది. ఇవతలికి గుంజింది. సబ్బు పెట్టె అంత నల్ల డబ్బా, రెండు పొట్టి కొమ్ములు, పచ్చ లైటు మిణుకుమంటున్నది. డబ్బా నెత్తి మీద పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, పక్కన ఒక బంతిపువ్వు పెట్టి ఉన్నది.

"అత్తమ్మా!" అని ఒర్లింది నవనీత. సాంచెల చప్పుడుల ఆ ఒర్లుడు వంటిల్లు దాటి పోలే.

చంద్రవ్వ తడి చేతులు చీర కొంగుకు తుడుసుకుంట వచ్చింది. "ఏందే, గట్ల ఒర్రుతవు? తేలు కుట్టిందా?"

"గిదేంది? ఎవలు పెట్టిన్రు?"

"నెట్టు డబ్బా. నీకు తెల్వదా? నువ్వే గదనే నెట్ ఆఫీసుల కూసునేది." చంద్రవ్వ దాన్ని కోడలి చేతిల నుంచి తీసుకొని, బొట్టు చెరిగిందేమో అని చూసింది. "ఓంప్రకాశ్ తెచ్చిండు. మొన్న మంగళారం కొండగట్టు పోయిండు సూడు, అంజన్న పాదాలకాడ పెట్టి మొక్కి తెచ్చిండు. గోపాల్ మాట తెగకుండ వస్తదన్నడు. నా కొడుకు మాట మోసుకొచ్చే డబ్బా గదా అని బొట్టు పెట్టిన. తప్పా?"

నవనీత గోడకు ఆనుకున్నది. ఓంప్రకాశ్. పొద్దుగాల తన చేతి చాయ తాగి, 'ఫికర్ జెయ్యకు చెల్లే, బావ మంచిగ వస్తడు' అన్న ఓంప్రకాశ్.

"నాకెందుకు చెప్పలే అత్తమ్మా?"

అంతే, చంద్రవ్వ మొకం మారింది. ఇన్ని దినాలు పండ్ల బిగువున ఆపుకున్నదంత బయటికొచ్చింది.

"నువ్వు నాకు చెప్పినవా? నా కొడుకు యాడున్నడని ఎన్నిసార్లు అడిగిన? మస్కట్లనే ఉన్నడు అత్తమ్మా, మంచిగనే ఉన్నడు అత్తమ్మా. గదే పాట! నవమాసాలు మోసిన నాకు తాళమేసి, తాళంచెవి కొంగున ముడేసుకొని తిరుగుతున్నవు. గా పిలగానికన్న నా బాధ తెలిసింది. 'అత్తా, నువ్వు మాట్లాడు, నేను బావకు పంపుత' అన్నడు. మాట్లాడిన. తల్లి మాట్లాడుకుంటె గూడ నేరమా?"

"ఎప్పుడు మాట్లాడినవు? ఏం మాట్లాడినవు?"

"పొద్దుగాల. నువ్వు ఆఫీసుకు పోయినంక."

నవనీత అత్త బొడ్డు సంచిల ఉన్న ఫోన్ గుంజుకున్నది. చంద్రవ్వకు సదువు రాదు. వాట్సాప్ల మాట్లాడి పంపుడు, వచ్చినది ఇనుడు, గంతే. లోపల చూస్తే, ఆ ఫోన్ ముచ్చట్లన్ని ఇంకో ఫోన్ల గూడ తెరుసుకునేటట్టు కట్టి పెట్టి ఉన్నది. ఎవని ఫోనో అడగనక్కర లేదు. గోపాల్ పేరు మీద వేలు పెట్టింది. పొద్దుగాల పదీ యాబైకి పోయిన మాట. చెవి కాడ పెట్టుకున్నది.

'బిడ్డా గోపాలూ... నీ పెండ్లాం నాకేం చెప్తలేదురా. యాడున్నవో నాకన్న చెప్పు. పానం కొట్టుకుంటున్నది బిడ్డా.'

దాని కింద, పదకొండు ఇరవైకి, గోపాల్ పంపినది. మాట కాదు. పచ్చ రంగు పటం, నడుమ ఎర్ర గుర్తు, కింద గల్లీ పేరు.

"గిదేందో బొమ్మ పంపిండు," అన్నది చంద్రవ్వ, జర మెత్తబడి. "శుక్రారం గదా, లక్ష్మమ్మ బొమ్మ పంపిండనుకున్న. మొక్కుకున్న."

నవనీత కండ్లల్ల నీళ్లు గిర్రున తిరిగినయి. కోపం రాలే. నిజం చెప్పాలంటే తన మీదనే వచ్చింది. రూము పేరు రాతల పెట్టొద్దని మొగనికి ఒట్టేయించింది. ఫోన్లకు తాళాలేసింది, తెర ముంగట పొద్దందాక కండ్లు కాయలు కాసేటట్టు కావలి కాసింది. ముసలామెను మాత్రం బయట నిలబెట్టింది. దొంగ ఆమె చెయ్యి పట్టుకొనే లోపలికొచ్చిండు. ఎంత హుషారు మొగడైనా తల్లి ఏడ్సుకుంట అడిగితే ఒట్టు గుర్తుంటదా?

"అత్తమ్మా, అది బొమ్మ కాదు. నీ కొడుకు ఉన్న జాగ. ఇప్పుడు అది భానుప్రసాద్ కాడికి పోయింది."

చంద్రవ్వ చేతిల నుంచి డబ్బా జారి కింద పడ్డది. బంతిపువ్వు అటు పోయింది. "నా కొడుకు..." అన్నది. దేవుని గద్దె పట్టుకొని కూలవడ్డది.

గడియారం ఒకటీ పది. పటం పోయి రెండు గంటలు కావస్తున్నది. గోపాల్‌కు వెంటనే చెప్పాలె. ఎట్ల చెప్పాలె? ఇంటి వైఫై మీద చెప్తే మళ్ల దొంగ పెట్టె సంకలకు పోవచ్చు. ఒకటి దొరికింది, ఇంట్ల ఇంకెన్ని ఉన్నయో ఏ దేవునికెరుక! భయం పట్టిన మనిషికి ఒక్కటే కనవడ్తది. నవనీతకు తలుపు పక్కన మెయిన్ స్విచ్చి కనవడ్డది. అది తీస్తే అన్ని పెట్టెలు చస్తయి. సాంచెలు గూడ ఆగుతయి, అయితేంది, ఓంప్రకాశ్ కరెంటు పోయిందనుకొని ఎప్పటిలెక్కనే బీడీ ముట్టిచ్చుకుంటడు. ఇగ ఆలోచించలే. కిందికి గుంజింది.

సాంచెలు ఒక్క నిట్టూర్పు ఇడిసి ఆగినయి.

సొంత సిమ్ము నెట్టు మీద గోపాల్‌కు ఫోన్ కొట్టింది. ఒక రింగు. రెండు. మూడు. ఎత్తు, నీ కాళ్లు మొక్కుత ఎత్తు అనుకున్నది.

మొగడు పెండ్లాం నడుమ ఒక ఒప్పందం ఉన్నది. ఫోన్ ఎత్తంగనే గోపాల్ 'సాంచ నడుస్తుందా?' అని అడగాలె. నడుస్తున్నది అంటే అంత మంచిదే. 'పోగు తెగింది' అంటే ఇంకో మాట లేకుండ, కట్టు బట్టలతోని రూము ఇడిసి రెండో జాగకు పోవాలె. ఆ రెండో జాగ ఏందో ఏ ఫోన్ల లేదు, ఏ కాయితం మీద లేదు. గోపాల్ ఎయిర్‌పోర్టుకు పోయే ముందటి దినం నవనీత చెవిల చెప్పిన దోస్తు పేరు, అది ఆ పిల్ల కడుపులనే ఉన్నది.

ఎత్తిండు. "నవనీతా? సాంచ నడుస్తుందా?"

"పోగు తెగింది!" అన్నది నవనీత. పుట్టినకాడి నుంచి మాట్లాడినట్టే, గొంతంత పెట్టి అన్నది.

"ఎప్పుడు?" అన్నడు గోపాల్.

"గిప్పుడే. ఇంట్లనే తెగింది. ఉరుకు!"

"కింద బండి ఏదో ఆగింది," అన్నడు గోపాల్. కిటికీ మూసిన చప్పుడైంది. "ఎనుక దిక్కు మెట్లున్నయి. అవ్వ పైలం, మంచిగ చూసుకో." ఫోన్ కట్టయింది.

నవనీత కిందనే కూసున్నది. ఉరికిండు. ఎనుక మెట్లు దిగుతుండు. దిగినట్టే. అంజన్నా, దిగినట్టే అనిపియ్యి. చంద్రవ్వ పాక్కుంట వచ్చి కోడలి చెయ్యి పట్టుకున్నది. "చెప్పినవా? ఇన్నడా?" అన్నది. ఇన్నడు అత్తమ్మా అని తలూపింది నవనీత. ఇద్దరు ఒకల చేతులు ఒకలు పట్టుకొని ఏడ్సిన్రు. ఈ పదమూడు నెలలల్ల వాళ్లిద్దరు కలిసి ఏడ్సుడు ఇదే మొదలు.

ఏడుపు జర తగ్గినంక నవనీతకు ఒక చప్పుడు ఇనవడ్డది. టకటక, టకటక. దూరంగ, సన్నగ. దేవవ్వోళ్ల సాంచెలు. ఎదురుంగనే, మంచిగ నడుస్తున్నయి.

నవనీత అత్త చెయ్యి ఇడిసిపెట్టింది. కరెంటు పోతే వాడంత పోతది. ఒక్క ఇంట్లనే పోతే ఓంప్రకాశ్ బీడీ ముట్టిచ్చుకొని కూసుంటడా? ఏమైందని తలుపు కాడికి రాడా? సాంచెలు ఆగిన ఇంట్ల మాట ఎంత దూరం పోతదో ఆమె పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి చూసుకోలే, ఆ అక్కరే పడలే.

నవనీత ఫోన్ల వాట్సాప్ మోగింది. 'అత్తమ్మ' అని పేరు. ఆమె గుంజుకున్న చంద్రవ్వ ఫోన్ వాళ్లిద్దరి నడుమ నేల మీదనే ఉన్నది. దాన్ని ఎవ్వలు ముట్టలే. అయినా నవనీత తెర మీద అత్తమ్మ పేరు కింద ఎవడో రాస్తున్నట్టు చుక్కలు ఆడుతున్నయి. సదువు రాని అత్తమ్మ పేరు మీద.

'పోగు తెగిందంటే ఏంది చెల్లే?'

గాలిల పోయే మాటకు తాళముంటది, దాన్ని ఏ పెట్టె ఇనలేదు. అది నవనీతకు తెలిసినంత ఆ వాడల ఎవలికీ తెల్వది. ఇన్నడంటే చెవితోనే ఇన్నడు.

మళ్ల చుక్కలు ఆడినయి.

'బావ రూముల లేడంట. ఇప్పుడు యాడికి పోతడో నీకెరుకనే గదా.'

నవనీత అత్త నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఇద్దరి కండ్లు నడిమి తలుపు మీదికే పోయినయి. తలుపు కింది సందుల నుంచి వచ్చే ఎలుతురుల రెండు పాదాల నీడ నిలబడి ఉన్నది.

"చెల్లే," అని పిలిచిండు ఓంప్రకాశ్, ఎప్పటిలెక్కనే నోరారా. "మెయిన్ నువ్వే తీసినవా?"

ఆ తలుపుకు గొళ్లెం షెడ్డు దిక్కే ఉన్నది, ఇటు దిక్కు లేదు.